పూతమందు ఒక్కటే చాలదు

"మొహానికి ఏ క్రీము మంచిది సార్?", "ఈ దురదకు ఏ మందు రాయాలి సార్?" అని అడిగే విద్యార్థులు ప్రతి తరగతిలోనూ ఉంటారు. ఆ మందు రాసుకుంటున్నవాణ్ణి పట్టుకొని, స్నానం తర్వాత ఎవరి తుండుగుడ్డతో తుడుచుకుంటున్నావు, రాత్రి ఎవరి పక్కన పడుకుంటున్నావు, స్నానానికి బోరు నీళ్ళా వాన నీళ్ళా అని ఎదురడిగితే మాత్రం, దానికీ దీనికీ ఏం సంబంధం అన్నట్టు చూస్తాడు. సంబంధం ఉంది. చర్మానికి రాసే మందు సగం పనే చేస్తుందనీ, మిగతా సగం ఇల్లు చేయాలనీ నా అభిప్రాయం. ఈ 'సగం' అన్న మాటను లెక్కల మాస్టారు చెప్పిన సగంగా తీసుకోకండి. కొన్ని జబ్బుల్లో ఇంటి వాటా ముప్పాతిక ఉంటుంది, కొన్నింటిలో దాదాపు ఏమీ ఉండదు. ఎక్కడ ఎంత అన్నదే మనం తెలుసుకోవలసింది.

ముందు చర్మం సంగతి చూద్దాం. మన ఒంటిమీద అన్నిటికంటె పైన ఉండేది మృతకణాల పొర. అరచేతులు, అరికాళ్ళు తప్పిస్తే దాని మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతుకు మించదు. కణాలు ఇటుకల్లాగా, వాటి మధ్య కొవ్వు పదార్థాలు సున్నంలాగా పేర్చుకొని ఉంటాయి. లోపలి నీరు బయటికి పోకుండా, బయటి సూక్ష్మజీవులు లోపలికి రాకుండా కాపాడేది ఈ గోడే. కింద పుట్టిన కణం పైకి వచ్చి, చచ్చి, పొట్టుగా రాలిపోవడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. కాబట్టి "వారం రోజుల్లో కొత్త చర్మం" అనే ప్రకటన కనిపిస్తే నవ్వుకోవచ్చు. ఇంకొక మాట. క్రీము మన ఒంటిమీద ఉండేది కొన్ని గంటలు. ఇంటి గాలి, ఇంటి నీరు, ఇంటి పక్క, ఇంటి తిండి మాత్రం ఇరవైనాలుగు గంటలూ ఉంటాయి.

నీళ్ళతో మొదలుపెడదాం. తెలుగు ప్రాంతాల్లో చాలా ఊళ్ళలో బోరు నీళ్ళు కఠిన జలాలు. వాటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. తాగే నీటిలో మొత్తం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే ఆధారం లేనిచోట 600 వరకు సరిపెట్టుకోవచ్చునని భారత ప్రమాణాల సంస్థ చెబుతోంది. సబ్బు అంటే కొవ్వు ఆమ్లాల సోడియం లవణం. కఠిన జలంలో సోడియం స్థానంలోకి కాల్షియం వచ్చి కూర్చుంటుంది. ఆ కాల్షియం సబ్బు నీటిలో కరగదు. బకెట్టు అంచున తెల్లగా, జిడ్డుగా పేరుకునే తెట్టు అదే. బకెట్టుకు అంటుకున్నది ఒంటికి అంటుకోదా? అంటుకుంటుంది. పైగా చర్మం ఉపరితలం కొద్దిగా ఆమ్లగుణం కలది, దాని పి.హెచ్. 5 ప్రాంతంలో ఉంటుంది. సబ్బుది 9 నుంచి 10. కఠిన జలంలో నురుగు రావడం లేదని సబ్బును ఇంకా ఇంకా రుద్దుతాం. తెట్టూ పెరుగుతుంది, చర్మపు కొవ్వూ కొట్టుకుపోతుంది. ఆ తర్వాత ఒళ్ళు తెల్లగా పొడిబారిందని క్రీము కొనుక్కుంటాం!

నా మాట నమ్మవద్దు, చేసి చూడండి. ఒకే సైజు సీసాలు రెండు తీసుకోండి. ఒకదానిలో అర గ్లాసు బోరు నీళ్ళు, రెండోదానిలో అంతే వాన నీళ్ళు పోయండి. వాన నీళ్ళు లేకపోతే బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడవచ్చు. కొంచెం స్నానపు సబ్బును తురిమి, గోరువెచ్చని వాన నీటిలో కరిగించి పెట్టుకోండి. ఈ సబ్బు నీళ్ళను రెండు సీసాల్లోనూ అయిదేసి చుక్కలు వేస్తూ, మూత పెట్టి గట్టిగా కుదుపుతూ పోండి. ఒక నిమిషంపాటు నిలిచే నురుగు రావడానికి ఏ సీసాకు ఎన్ని చుక్కలు పట్టాయో రాసుకోండి. తర్వాత బోరు నీళ్ళను పది నిమిషాలు మరగబెట్టి, చల్లార్చి, తేర్చి మళ్ళీ చేయండి. చుక్కల సంఖ్య తగ్గితే, తగ్గినంత మేరకు మీ నీటిలో ఉన్నది తాత్కాలిక కఠినత్వం. మిగిలినది శాశ్వత కఠినత్వం, దానికి మరగబెట్టడం పనికిరాదు. ఈ ప్రయోగానికి బట్టల సోడా పొడిని, డిటర్జెంటును వాడకండి. డిటర్జెంటు కాల్షియంతో అలాంటి తెట్టు కట్టదు, కాబట్టి తేడా బయటపడదు.

అలాగని చర్మంలోని ప్రతి బాధకూ నీళ్ళనే తిట్టనక్కరలేదు. ఇంగ్లండులో తామరలాంటి దురద జబ్బు, దానినే ఎగ్జిమా అంటారు, ఉన్న 336 మంది పిల్లలను తీసుకొని, సగం మంది ఇళ్ళలో నీటిని మృదువుగా మార్చే యంత్రాలు పెట్టి 12 వారాలు గమనించారు. 2011లో ఫలితాలు ప్రకటించారు. యంత్రం పెట్టిన ఇళ్ళలో పిల్లలకు మామూలు వైద్యం వల్ల కలిగిన మేలుకంటె అదనంగా ఏమీ కలగలేదు. కాబట్టి సబ్బు తగ్గించండి, ఎక్కువ నీళ్ళతో కడగండి, వీలైతే వాన నీళ్ళు పట్టుకోండి. యంత్రం కోసం మాత్రం మీ నాన్నగారి చేత అప్పు చేయించకండి.

గాలి సంగతి చిన్నదే. డిసెంబరు, జనవరి నెలల్లో ఆదిలాబాదులాంటి చోట గాలి పొడిగా, చలిగా ఉంటుంది. పిక్కలు పొరలు పొరలుగా చిట్లుతాయి. అక్కడ స్నానం చేసిన రెండు మూడు నిమిషాల్లో, ఒళ్ళు ఇంకా చెమ్మగా ఉండగానే కొబ్బరినూనె రాస్తే లోపలి తేమ ఎగిరిపోకుండా ఆగుతుంది. పొడి చర్మానికి కొబ్బరినూనె ఖనిజతైలంతో సమానంగా పనిచేస్తుందని 2004లో ఫిలిప్పీన్స్‌లో 34 మంది మీద జరిగిన పరీక్షలో తేలింది. అదే నూనెను మే నెలలో విశాఖపట్నంలో, రేకుల కప్పు కింద, కిటికీ లేని గదిలో రాసుకోండి చూద్దాం! చెమట నాళాల ముఖాలు మూసుకుపోయి చెమటకాయలు ఇంకా రేగుతాయి. చెమటకాయలకు అసలు మందు చల్లదనం, గాలి ఆడే గది, వదులు నూలుబట్ట. పౌడరు ఆ తర్వాత. నూనె మంచిదా చెడ్డదా అని అడిగితే జవాబు ఉండదన్నమాట. ఏ గదిలో, ఏ నెలలో అని అడగాలి. ఆ రేకుల గదిలోనే గూట్లో పెట్టిన క్రీము కూడా పాడవుతుందని గుర్తుంచుకోండి. గొట్టం మీద "30 డిగ్రీల లోపు ఉంచవలెను" అని రాసి ఉంటే అది అలంకారానికి కాదు.

ఇల్లు అంటే గోడలూ నీళ్ళూ మాత్రమే కాదు, వంటిల్లు కూడా. దీనికి మన హైదరాబాదుకు సంబంధించిన మంచి ఉదాహరణ ఉంది. పెల్లాగ్రా అనే జబ్బులో మెడ చుట్టూ, ముంజేతుల మీద, పాదాల మీద, అంటే ఎండ తగిలేచోటల్లా చర్మం నల్లబడి, గరుకెక్కి, పగులుతుంది. చూసినవారు ఎవరైనా చర్మవ్యాధి అనుకొని లేపనమే రాస్తారు. లేపనాలతో అది తగ్గదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఈ జబ్బు వేలమందిని పట్టి పీడిస్తుంటే 1914లో జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే వైద్యుణ్ణి ప్రభుత్వం పరిశోధనకు పంపింది. అనాథాశ్రమాల్లో పిల్లలకు జబ్బు ఉంది, వారితోనే మెలిగే సిబ్బందికి లేదు. అంటువ్యాధి అయితే ఇలా ఎందుకుంటుంది? మిసిసిపీలోని జాక్సన్ పట్టణంలో ఆశ్రమ పిల్లల మొక్కజొన్న తిండికి పాలు, గుడ్లు, మాంసం, చిక్కుళ్ళు కలిపించాడు. జబ్బు మాయమైంది. లోపించిన పదార్థం నికోటినిక్ ఆమ్లమని, అంటే నియాసిన్ అనే బి విటమిన్ అని 1937లో ఎల్వెజెమ్ పరిశోధన వల్ల తెలిసింది.

మన దక్కనులో మొక్కజొన్నకు బదులు జొన్న. జొన్నన్నం, జొన్నరొట్టె తప్ప మరేమీ దొరకని పేదలలో పెల్లాగ్రా కనిపించేది. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాలలో పనిచేసిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా దీనిని పరిశీలించి, జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటం శరీరంలో నియాసిన్ తయారీకి అడ్డు వస్తోందని 1960లో ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదన మీద తర్వాత ఎంతో చర్చ జరిగింది, అది వేరే కథ. జొన్న మంచి ధాన్యమే. పప్పు, పాలు, వేరుశనగ, ఆకుకూర పక్కన ఉన్నప్పుడు దానివల్ల ఏ హానీ లేదు. తప్పు జొన్నది కాదు, పళ్ళెంలో జొన్న ఒక్కటే ఉండటానిది. ఆ ఇంటికి చర్మ లేపనం తీసుకుపోయిన డాక్టరు ఎంత గొప్పవాడైనా ఏం చేయగలడు?

ఇక ప్రతి ఇంట్లోనూ అద్దం వెనకో అలమరలోనో ఒక గొట్టం ఉంటుంది. ఎప్పుడో ఎవరికో డాక్టరు రాసినది. గజ్జల్లో దురదైనా, మొహం మీద మచ్చైనా, పురుగు కుట్టినా అందరూ దానినే రాస్తారు. అందులో చాలాసార్లు ఉండేది స్టెరాయిడ్. స్టెరాయిడ్ ఎరుపునూ దురదనూ అణచివేస్తుంది, అందుకే "భలే మందు" అనిపిస్తుంది. తామర శిలీంధ్రం వల్ల వస్తుంది. స్టెరాయిడ్ శిలీంధ్రాన్ని చంపదు, దానితో పోరాడే మన రక్షకభటులను నిద్రపుచ్చుతుంది. గుండ్రటి అంచు చెరిగిపోయి, జబ్బును గుర్తుపట్టడమే కష్టమవుతుంది. లోలోపల అది పాకుతూనే ఉంటుంది. ఇటువంటి వాడకం మితిమీరడం వల్లనే 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని నోటిఫికేషన్ ఇచ్చింది. చీటీ ఉన్న మందైనా, అది రాసిచ్చిన మనిషికే. అన్నయ్య గొట్టం తమ్ముడికి మందు కాదు. ఇక సరైన మందు వాడుతున్నా, తడి బనియను, ఆరని జీన్స్ ప్యాంటు, అందరికీ ఒకే తుండు ఉన్న ఇంట్లో తామర తిరిగి తిరిగి వస్తుంది. బట్టలు తిరగేసి ఎండలో ఆరవేయడం మందులో భాగమే.

రంగు తెల్లబరిచే క్రీముల గురించి రెండే మాటలు. "మా పిల్ల కాస్త చామనఛాయ" అని చుట్టాల ముందు నిట్టూర్చే పెద్దలు కూడా ఇంటి వాతావరణంలోని భాగమే. ఆ నిట్టూర్పు లేకపోతే ఈ క్రీముల్లో సగం అమ్ముడుపోవు. దొంగచాటుగా తయారయ్యే కొన్నింటిలో పాదరసం ఉంటుంది. అది చర్మంలో మెలనిన్ తయారీని ఆపుతుంది, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఇక్కడ వ్యవహారం తిరగబడుతుంది చూడండి. క్రీము నుంచి పాదరసపు ఆవిరి గదిలోకి చేరి, ఏ క్రీమూ రాయని చంటిబిడ్డ ఒంట్లోకి కూడా పోగలదు. 2013లో కుదిరిన మినమాటా ఒప్పందం, 1 పి.పి.ఎం. కంటె ఎక్కువ పాదరసం కలిసిన ఇలాంటి క్రీముల తయారీ, వాణిజ్యం 2020కల్లా ఆగిపోవాలని నిర్ణయించింది. భారతదేశం 2018లో ఆ ఒప్పందాన్ని ఆమోదించింది. తయారీదారు పేరు, చిరునామా లేని డబ్బా ఎంత చవకైనా ఇంట్లోకి రానివ్వకండి.

ఇప్పుడు అసలు సంగతి. నేను ఈ వ్యాసం రాయడానికి కారణం గజ్జి. పేరు వినగానే మొహం చిట్లించారా? ఆ చిట్లింపే సగం అపకారం చేస్తోంది. గజ్జి మురికి జబ్బు కాదు. రోజూ రెండుసార్లు స్నానం చేసేవారికీ వస్తుంది. అది ఇరుకు జబ్బు. ఒకే చాప మీద నలుగురు పడుకునే ఇళ్ళలో, మంచాలు ఆనుకొని ఉండే హాస్టళ్ళలో వ్యాపిస్తుంది. కారణం మిల్లీమీటరులో మూడో వంతు పొడవుండే ఎనిమిది కాళ్ళ జీవి. ఇటలీలో బొనోమో, చెస్టోని అనే ఇద్దరు 1687లోనే సూక్ష్మదర్శినితో చూసి దానిని వర్ణించారు. ఆడజీవి చర్మపు పైపొరలో సొరంగం తవ్వుతూ రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతుంది. ప్రపంచంలో ఏ సమయంలో చూసినా 20 కోట్లమందికి గజ్జి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. గోకిన పుండ్లలో స్ట్రెప్టోకాకస్ చేరితే మూత్రపిండాల వాపు కూడా రావచ్చు. కాబట్టి ఇది నవ్వులాట కాదు.

దీనికి మంచి మందు ఉంది. 5 శాతం పెర్మెత్రిన్ క్రీమును మెడ నుంచి కాలి వేళ్ళ దాకా, గోళ్ళ సందులతో సహా పట్టించి, 8 నుంచి 14 గంటలు ఉంచి కడిగేసుకోవాలి. వారం తర్వాత మళ్ళీ ఒకసారి. ఇంత మంచి మందు ఉన్నా గజ్జి ఎందుకు తిరిగి వస్తుంది? జవాబు ఒక అంకెలో ఉంది. మొదటిసారి ఈ జీవి ఒంటికి పట్టిన మనిషికి దురద మొదలు కావడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అన్నకు దురద వచ్చి మందు రాసే రోజున, పక్కనే పడుకునే చెల్లెలి ఒంటిమీద జీవులు అప్పటికే ఉంటాయి. ఆమెకు దురద లేదు, కాబట్టి మందు లేదు. నెలకు ఆమెకు దురద, అన్నకు మళ్ళీ గజ్జి. మందు పనిచేయలేదంటారు. మందు పనిచేసింది, ఇల్లే చేయలేదు.

మరి దుప్పట్లు ఉడికించడం ఎంత ముఖ్యం? రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఇంగ్లండులో సైనికుల దుప్పట్లను పెద్దఎత్తున క్రిమిరహితం చేసేవారు. 1941లో షెఫీల్డు నగరంలో కెన్నెత్ మెలాన్‌బీ అనే శాస్త్రజ్ఞుడు, యుద్ధంలో ఆయుధం పట్టనని నిరాకరించిన యువకులను స్వచ్ఛంద సేవకులుగా తీసుకొని ఒక ప్రయోగం చేశాడు. వారు గజ్జి ఉన్న సైనికుల ఉతకని లోదుస్తులు తొడుక్కున్నారు, వారి దుప్పట్లలో బట్టలు లేకుండా పడుకున్నారు. ఎంత ఓపిక చూడండి! అయినా చాలా కొద్దిమందికే అంటింది. రోగుల పక్కన ఒకే పడకలో పడుకున్నప్పుడు మాత్రం బాగా అంటింది. అంటే వ్యాప్తికి ముఖ్యమైన దారి ఒంటికి ఒళ్ళు తగలడం. మనిషిని వదిలితే ఆ జీవి రెండు మూడు రోజులకంటె బతకదు. పక్కబట్టలు, తుండ్లు వేడినీళ్ళలో ఉతికి ఎండవేయడం, ఉతకలేనివి ఒక సంచిలో కట్టి వారం రోజులు ముట్టుకోకుండా ఉంచడం చాలు. ఇంట్లోని దుప్పట్లన్నీ ఉడికించి మందు మాత్రం ఒక్కడికే రాసే ఇళ్ళు చాలా ఉన్నాయి. అది వాకిలి తెరిచిపెట్టి కిటికీకి గొళ్ళెం వేయడంలాంటిది.

పసిఫిక్ సముద్రంలోని ఫిజీ దీవులలో జరిగిన ఒక పరిశోధన ఫలితాలు 2015లో వచ్చాయి. మూడు దీవి సముదాయాలు తీసుకున్నారు. మొదటిచోట జబ్బు ఉన్నవారికి, వారితో మెలిగేవారికి మాత్రమే పెర్మెత్రిన్ ఇచ్చారు. ఏడాదికి గజ్జి 36.6 శాతం నుంచి 18.8కి తగ్గింది. రెండోచోట జబ్బు ఉన్నా లేకున్నా అందరికీ అదే క్రీము ఇచ్చారు. 41.7 నుంచి 15.8కి తగ్గింది. మూడోచోట అందరికీ ఐవర్‌మెక్టిన్ మాత్రలు. 32.1 శాతం ఉన్నది 1.9కి పడిపోయింది. మూడోచోట మందే వేరు, కాబట్టి ఆ ఘనత అంతా 'అందరికీ ఒకేసారి' అన్న పద్ధతిదే అనడం సరికాదు. మాత్ర మింగితే అయిపోతుంది, క్రీము ఒళ్ళంతా పట్టించాలంటే చాలామంది సగం సగం చేస్తారు. మొదటి రెండు దీవులనే పోల్చండి. అక్కడ మందు ఒకటే.

ఇక్కడే పేదరికం అడ్డు వస్తుంది. పెద్దవాడి ఒంటికి ఒకసారి రాయడానికి సుమారు 30 గ్రాముల గొట్టం పడుతుంది. అయిదుగురున్న ఇంటికి రెండు విడతలకు ఎన్ని గొట్టాలో మీరే లెక్కవేయండి. కూలికి పోయే తల్లి ఒక్క గొట్టం కొని, ఎక్కువ గోక్కునే పిల్లవాడికి రాస్తుంది. ఆమె చేసింది అజ్ఞానమని నేను అనను. చీటీ ఒక్క పేరు మీద రాసే పద్ధతి ఆమె చేత అలా చేయిస్తోంది. గజ్జికి చీటీ మనిషికి కాదు, రేషను కార్డులాగా ఇంటికి రాయాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళినప్పుడు "మా ఇంట్లో అయిదుగురం ఉన్నాం, అందరికీ ఇవ్వండి" అని అడగడానికి మీరు సిగ్గుపడకండి. హాస్టలైతే గది గదికి కాదు, మొత్తం హాస్టలుకు ఒకే రాత్రి రాయించాలి. వార్డెనుగారికి, వంటవాళ్ళకు కూడా. ఆదివారం సెలవుకు ఇంటికి వెళ్ళిన పిల్లలు తిరిగి వచ్చాక తేదీ పెట్టాలి. లేకపోతే శ్రమంతా వృథా.

ఇంకొకటి ముందే తెలిసి ఉండాలి. మందు సరిగ్గా రాసుకున్నా, జీవులు చచ్చినా, దురద రెండు నుంచి నాలుగు వారాలు ఉండవచ్చు. చచ్చిన జీవుల అవశేషాలు చర్మంలో ఉన్నంతకాలం శరీరం వాటితో పేచీ పడుతుంది. దురద ఉంది కదా అని రోజూ క్రీము పట్టించుకుంటే చర్మం మండి కొత్త దురద తయారవుతుంది. నాలుగు వారాలు దాటినా దురద తగ్గకపోయినా, వేళ్ళ సందుల్లో కొత్తగా సన్నని గీతలు, పొక్కులు కనిపించినా, మళ్ళీ డాక్టరు దగ్గరకు వెళ్ళండి. వెళ్ళేటప్పుడు పక్కన పడుకునేవారిని కూడా వెంటబెట్టుకొని వెళ్ళండి.